పాత పికప్ ట్రక్కు ఇంజన్ మిస్ కొట్టి ఆగిపోతుంటే లోపం కనిపెట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ముఖ్యంగా కార్బురేటర్‌తోనో (పెట్రోలునూ గాలినీ కలిపే పాత పద్ధతి పరికరం), తొలితరం ఫ్యూయల్ ఇంజెక్షన్‌తోనో (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే పద్ధతి) నడిచే పాత పెట్రోలు పికప్ ట్రక్కులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. డీజిల్ ఇంజన్ల తీరు వేరు కాబట్టి వాటి గురించి చివర్లో విడిగా చెప్పాను. బండి చక్కగా నడుస్తూ నడుస్తూ తడబడి ఆగిపోవడం, కాసేపు నిలిపి ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ కావడం పాత ఇంజన్లలో తరచూ కనిపించే జబ్బు. షెడ్డుకు చేరేసరికి లక్షణం మాయమవుతుంది కాబట్టే ఇది ఇంతమందిని విసిగిస్తుంది.

ఇంజన్ మిస్ కొట్టి ఆగిపోతోంది. ముందుగా ఏ భాగం మార్చాలి?

ఇంకా ఏదీ మార్చకండి. పెట్రోలు ఇంజన్ నడవాలంటే సరైన సమయానికి స్పార్క్, సరైన పాళ్లలో పెట్రోలూ గాలీ, సిలిండర్లలో తగినంత కంప్రెషన్ (మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) ఉండాలి. కాలిన పొగ బయటికి పోయే దారి కూడా తెరిచి ఉండాలి. ఆగిపోయిన క్షణంలో వీటిలో ఏది లోపించిందో తేలిన తరువాతే భాగాల సంగతి ఆలోచించాలి. ఊహ మీద కాయిల్ (స్పార్క్‌కు అధిక వోల్టేజి ఇచ్చే భాగం) మార్చి, అది కాదనిపించి పంపు మార్చి, ఆ తరువాత కార్బురేటర్ విప్పిన బండ్లలో అసలు లోపంతో పాటు కొత్తగా ఒక లూజ్ కనెక్షనో, బిగించని హోస్ పైపో చేరి ఉండడం నేను చాలాసార్లు చూశాను. కొత్తగా కొన్న భాగమే లోపంతో రావడమూ అరుదేమీ కాదు.

బానెట్ ఎత్తే ముందు ఒక కాగితం తీసుకుని కొన్ని విషయాలు రాసుకోండి. స్టార్ట్ చేసిన ఎన్ని నిమిషాలకు ఆగింది, ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ) ఉండగా ఆగిందా లేక ఎత్తు ఎక్కుతూ ఆగిందా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, గాలిలో తేమ ఉందా, మళ్లీ స్టార్ట్ కావడానికి ఎంతసేపు పట్టింది అన్నవి అందులో ఉండాలి. మూడు నాలుగు సార్లు ఆగిన వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే, అంతవరకు ఎలా పడితే అలా ఆగుతోందనుకున్న బండి ఒక పద్ధతి ప్రకారమే ఆగుతోందని తెలుస్తుంది.

ఆగే తీరును బట్టి లోపం ఎక్కడుందో చెప్పగలమా?

పూర్తిగా తేల్చలేకపోయినా, ఏ వైపు వెతకాలో చాలావరకు చెప్పవచ్చు. తాళం తిప్పి ఆపేసినట్టు ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతే ముందుగా కరెంటు వైపు, అంటే ఇగ్నిషన్ స్విచ్, కాయిల్, మాడ్యూల్ (కాయిల్‌కు కరెంటును తెంచి కలిపే ఎలక్ట్రానిక్ భాగం), వైర్ల వైపు చూడాలి. బలం తగ్గుతూ, కుదుపులు ఇస్తూ, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఇంకా నీరసించి ఆగితే పెట్రోలు అందడం లేదని మొదట అనుమానించాలి. మీ బండిలో టాకోమీటర్ (ఇంజన్ వేగం చూపే మీటరు) ఉంటే అది మంచి సాక్షి. చాలా పాత బండ్లలో దానికి సంకేతం కాయిల్ నుంచే వస్తుంది కాబట్టి, బండి ఇంకా గేరులో దొర్లుతూ ఇంజన్ తిరుగుతూనే ఉండగా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే కాయిల్‌కు వెళ్లే సర్క్యూట్ తెగినట్టే.

స్లోలో మాత్రమే ఆగి, రేస్ చేస్తే చక్కగా నడిచే ఇంజన్‌లో ఎక్కడో గాలి లీకు, మూసుకుపోయిన ఐడిల్ జెట్ (స్లోలో పెట్రోలు అందించే సన్నని రంధ్రం), మసి పట్టిన ఐడిల్ కంట్రోల్ వాల్వ్ (ఇంజెక్షన్ బండ్లలో స్లో వేగాన్ని సరిచూసే వాల్వ్), తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) లాంటివి ఉంటాయి. దీనికి విరుద్ధంగా స్లోలో బాగుండి బరువు లాగేటప్పుడు తడబడితే మూసుకుపోయిన ఫిల్టర్, నీరసించిన పంపు, బలహీనమైన స్పార్క్, పూడుకుపోయిన సైలెన్సర్ ముందుకొస్తాయి. బరువు పడినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటడానికి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే అరిగిన ప్లగ్గులు, పగుళ్లు పట్టిన ప్లగ్ వైర్లు ఎత్తు మీద దొరికిపోతాయి.

మిస్ కొట్టడంలో లయ కూడా వినాలి. ఒకే లయలో క్రమం తప్పకుండా మిస్ పడుతుంటే ఒక సిలిండర్‌లో లోపం ఉన్నట్టు. లయ లేకుండా ఇష్టమొచ్చినట్టు తడబడుతుంటే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే భాగంలో లోపం ఉన్నట్టు. కార్బురేటర్ నోటి నుంచి వెనక్కి దగ్గితే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనో, స్పార్క్ వచ్చే సమయం (టైమింగ్) తప్పిందనో అర్థం. సైలెన్సర్‌లో టపటపా పేలితే కాలకుండా వెళ్లిన పెట్రోలు అక్కడ అంటుకుంటోందన్న మాట.

పరీక్షలు మొదలుపెట్టే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బండిని సమతలంగా నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఆటోమేటిక్ బండి అయితే పార్క్‌లో ఉంచాలి. ఇంజన్ నడుపుతూ పరీక్షించేటప్పుడు గాలి ఆడే చోట ఉండాలి, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పెట్రోలు పైపు విప్పే ముందు ఇంజన్‌ను చల్లారనివ్వండి, మంటలు ఆర్పే సిలిండర్‌ను చేతికందే దూరంలో పెట్టుకోండి. ఇంజెక్షన్ బండ్లలో ఇంజన్ ఆపిన తరువాత కూడా పైపుల్లో ఒత్తిడి నిలిచే ఉంటుంది కాబట్టి దాన్ని ముందుగా తీసేయాలి. ఫ్యాన్, బెల్టుల దగ్గర వదులు దుస్తులు వద్దు.

దారిలో ఆగిపోయిన వెంటనే ఏమేం చూడాలి?

లోపం కళ్ల ముందు ఉండేది ఆ కొద్ది నిమిషాలే. చల్లారాక చేసే పరీక్షలన్నీ బాగానే ఉన్నట్టు చూపిస్తాయి. అందుకని బండిలో ఎప్పుడూ ఒక స్పార్క్ టెస్టర్, ఒక టెస్ట్ ల్యాంపు, ఒక టార్చ్ ఉంచుకోండి. బండిని రోడ్డు పక్కకు తీసి, క్షేమంగా ఉన్నామనుకున్నాక, వెంటనే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా ఈ పని చేయండి.

మొదట ట్యాంకు మూత విప్పండి. మూత వదులు కాగానే సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం బలంగా వస్తే, ఆ వెంటనే ఇంజన్ స్టార్ట్ అయితే, మూతలోనో వెంట్ పైపులోనో గాలి దారి మూసుకుపోయి ఉండవచ్చు. పెట్రోలు ఖాళీ అయిన మేరకు గాలి రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. ఒక ట్రక్కుకు పంపు, ఫిల్టర్ మార్చి, కార్బురేటర్‌ను రెండుసార్లు కడిగిన తరువాత లోపం ఈ మూతలోనే దొరికింది. అప్పటి నుంచి ముందుగా నా చేయి వెళ్లేది మూత మీదికే.

తరువాత ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దానికి స్పార్క్ టెస్టర్ తగిలించి, టెస్టర్ క్లిప్పును ఇంజన్ లోహానికి బిగించి, పక్కవారిని సెల్ఫ్ కొట్టమనండి. వైరును గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టకూడదు. స్పార్క్‌కు దారి దొరకక కాయిల్, మాడ్యూల్ దెబ్బతినవచ్చు. బలంగా, నీలిరంగులో, చిటపటమంటూ స్పార్క్ దూకుతుంటే ఇగ్నిషన్ బాగున్నట్టే లెక్క. స్పార్క్ లేకపోతే తాళం ఆన్‌లో ఉంచి, కాయిల్ పాజిటివ్ టెర్మినల్ మీద టెస్ట్ ల్యాంపు పెట్టండి. అక్కడ వెలగకపోతే కరెంటు కాయిల్ వరకూ రావడం లేదు కాబట్టి వెనక్కి స్విచ్ దాకా వెతకాలి. వెలిగితే నెగటివ్ టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అక్కడ మినుకు మినుకుమంటూ వెలిగి ఆరుతుంటే పాయింట్లో (పాత బండ్లలో మాడ్యూల్ బదులు కాయిల్ కరెంటును తెంచి కలిపే కాంటాక్టులు), మాడ్యూలో తమ పని చేస్తున్నట్టు. మినుకు లేకుండా ఉంటే లోపం అక్కడే ఉంది. మాడ్యూల్ ఉన్న బండ్లలో సాధారణ బల్బు బదులు తక్కువ కరెంటు లాగే ఎల్‌ఈడీ టెస్టర్ వాడడం మేలు.

చివరగా పెట్రోలు చూడాలి. కార్బురేటర్ బండి అయితే ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజన్ ఆపి ఉంచి, మొహం పక్కకు ఉంచి టార్చ్ వెలుగులో లోపలికి చూస్తూ చేత్తో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) లాగండి. యాక్సిలరేటర్ పంపు నుంచి సన్నని ధార చిమ్మితే ఫ్లోట్ గిన్నెలో (కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె) పెట్రోలు ఉన్నట్టు. ఏమీ రాకపోతే గిన్నె ఖాళీగా ఉండవచ్చు, లేదా ఆ చిన్న పంపే చెడి ఉండవచ్చు. ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండిలో తాళం ఆన్ చేయగానే ట్యాంకు వైపు నుంచి సుమారు 2 సెకన్ల పాటు సన్నని గుంయ్‌మనే శబ్దం రావాలి. శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు దగ్గరి కనెక్టర్ ఈ వరుసలో చూడండి. ఒకరు ట్యాంకు అడుగున మెత్తగా తట్టినప్పుడు ఆగిపోయిన పంపు తిరగడం మొదలుపెడితే, ఆ పంపు రోజులు దగ్గరపడ్డాయని నిశ్చయించుకోవచ్చు.

వేడెక్కాకే ఆగిపోతోంది, చల్లారితే స్టార్ట్ అవుతోంది. ఇది దేని లక్షణం?

ఈ ప్రశ్నకు నాలుగు సమాధానాలు ఉన్నాయి, నాలుగూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మొదటిది ఇగ్నిషన్ మాడ్యూల్. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కు పంచే భాగం) లోపలో, దాని పక్కనో బిగించిన మాడ్యూల్ ఇంజన్ వేడికి చెడిపోతుంది. దాని అడుగున వేడిని లాగే పేస్టు పూయకుండా బిగిస్తే కొత్తది కూడా తొందరగా పోతుంది. రెండవది కాయిల్: వేడికి లోపలి చుట్టల ఇన్సులేషన్ చెడి స్పార్క్ బలహీనపడుతుంది. మూడవది ఇంజెక్షన్ బండ్లలోని క్రాంక్ సెన్సర్, అంటే ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే సెన్సర్. నాలుగవది వేపర్ లాక్, అంటే వేడి పైపుల్లో పెట్రోలు ఆవిరై పంపు ఆ ఆవిరిని నెట్టలేకపోవడం.

వీటిని వేరుచేయడానికి ఆగిన వెంటనే చేసిన స్పార్క్ పరీక్షే ఆధారం. స్పార్క్ బలంగా ఉండి పెట్రోలు అందకపోతే వేపర్ లాక్ వైపు వెళ్లాలి. కార్బురేటర్ బండ్లలో పెట్రోలు పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (సిలిండర్ల నుంచి పొగను బయటికి తెచ్చే వేడి గొట్టాలు) దగ్గరగా వంగి ఉందేమో చూడండి. పైపుకు దాని క్లిప్పు ఊడిపోయి, ఎవరో తొందరలో పక్కకు నెట్టి వదిలేసిన సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. స్పార్క్ లేకపోతే కాయిల్ ఒంటికి తడిగుడ్డ చుట్టి రెండు మూడు నిమిషాలు ఆగండి. టెర్మినల్స్ మీద నీరు పడనివ్వకండి. కాయిల్‌ను మాత్రమే చల్లబరచినప్పుడు స్పార్క్ తిరిగి వస్తే దోషి దొరికినట్టే. ఇంటి దగ్గర దీన్ని తలకిందులుగా కూడా చేయవచ్చు: ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, హెయిర్ డ్రయ్యర్‌తో మాడ్యూల్‌ను మాత్రమే వేడి చేసి ఆగుతుందేమో చూడాలి.

కాయిల్ చుట్టలను ఓమ్ మీటర్‌తో కొలవవచ్చు. చాలా కాయిళ్లలో ప్రైమరీ 0.5 నుంచి 2 ఓమ్‌లు, సెకండరీ వేల ఓమ్‌లలో ఉంటుంది. అయితే చల్లని కాయిల్ మీద సరైన అంకె వచ్చినంత మాత్రాన దాన్ని నిర్దోషి అనకండి. వేడిగా ఉన్నప్పుడు మళ్లీ కొలవాలి.

డిస్ట్రిబ్యూటర్‌లో ఏమేం చూడాలి?

మూత తీసి పగటి వెలుగులో లోపలి వైపు తిప్పి చూడండి. టెర్మినల్స్ మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లటి గీత కనిపిస్తే అది స్పార్క్ దారి తప్పి వేసుకున్న కార్బన్ గీత. అలాంటి మూతను తుడిచి వాడడం వృథా, మార్చాల్సిందే. రోటర్ కొన కాలి ఉందా, మధ్యలోని కార్బన్ బటన్ అరిగిందా అన్నవి కూడా చూడండి. పాయింట్లు ఉన్న బండ్లలో గ్యాప్ చాలా ఇంజన్లకు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పాయింట్ల మొహాలు తొందరగా కాలి గుంటలు పడుతుంటే కండెన్సర్‌ను (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను తగ్గించే చిన్న భాగం) అనుమానించాలి.

ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లలో చాలామంది దాటేసే ఒక లోపం ఉంది. పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతం ఇచ్చే చిన్న చుట్ట) నుంచి మాడ్యూల్‌కు వచ్చే రెండు సన్నని వైర్లు, వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పును బట్టి స్పార్క్ సమయాన్ని మార్చే ఏర్పాటు) ప్లేటును తిప్పిన ప్రతిసారీ కొద్దిగా వంగుతాయి. ఏళ్ల తరబడి అలా వంగి వంగి, పైన ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా ఉండగానే లోపల రాగి పోగులు తెగిపోతాయి. స్లోలో ఇంజన్ బాగానే తిరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ప్లేటు కదిలి, తెగిన కొసలు విడిపోయి, ఇంజన్ చటుక్కున ఆగుతుంది. ఈ వైర్లను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా సాగదీసినప్పుడు మంచి వైరు గట్టిగా నిలబడుతుంది, లోపల తెగినది ఒకచోట రబ్బరు దారంలా సాగుతుంది. ఓమ్ మీటర్ తగిలించి, ప్లేటును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ అంకె నిలకడగా ఉందో లేదో చూస్తే ఈ లోపం దాగదు.

ఇగ్నిషన్ రెసిస్టర్ (ఇంజన్ నడిచేటప్పుడు కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) ఉన్న పాత బండ్లలో ఇంకో స్పష్టమైన గుర్తు ఉంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజన్ అందుకుని, తాళం వదిలిన మరుక్షణం ఆగిపోతే ఆ రెసిస్టర్ తెగి ఉండవచ్చు. సెల్ఫ్ సమయంలో కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా కాయిల్‌కు వెళుతుంది.

వానలోనో తేమలోనో మాత్రమే మిస్ కొడుతోంది. ఎందుకు?

ప్లగ్ వైర్ల మీదా, డిస్ట్రిబ్యూటర్ మూత మీదా ఉన్న సన్నని పగుళ్లలో తేమ చేరి స్పార్క్ బయటికి లీకవుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద స్ప్రే సీసాతో నీటి తుంపరలు చల్లండి. లీకున్న చోట నీలి మెరుపులు పాకుతూ కనిపిస్తాయి, ఆ క్షణమే ఇంజన్ తడబడుతుంది. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

తేమతో కూడిన చల్లని వాతావరణంలో కార్బురేటర్ లోపల మంచు కట్టడం వేరే సంగతి. సుమారు 0 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాగేసుకోవడం వల్ల థ్రాటిల్ ప్లేటు దగ్గర మంచు పేరుకుని గాలి దారిని మూసేస్తుంది. బండి ఆగిన కొద్ది నిమిషాలకు ఇంజన్ వేడికి అది కరిగిపోయి, ఆనవాలే మిగలదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెచ్చటి గాలి తెచ్చే పైపు ఊడిపోయిన బండ్లలో ఇది ఎక్కువ.

పెట్రోలు సరిగ్గా అందుతోందో లేదో ఎలా నిర్ధారించాలి?

ఒత్తిడిని గేజ్‌తో కొలవడమే సరైన పద్ధతి. కార్బురేటర్ బండ్లలో ఇంజన్ నడిపే మెకానికల్ పంపు సాధారణంగా 4 నుంచి 7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) ఇస్తుంది. థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ ఉన్న చాలా పాత ట్రక్కులకు 9 నుంచి 13 పీఎస్‌ఐ చాలు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉన్న బండ్లలో అది దాదాపు 35 నుంచి 60 పీఎస్‌ఐ వరకు ఉంటుంది. మీ ఇంజన్‌కు కచ్చితమైన అంకెను దాని సర్వీస్ మాన్యువల్‌లోనే చూసుకోవాలి. నిలబడి ఉన్న బండిలో ఒత్తిడి బాగుండి రోడ్డు మీద పడిపోయే సందర్భాలు ఉంటాయి కాబట్టి, వీలైతే గేజ్‌ను పొడవాటి హోస్‌తో అద్దానికి బయట కట్టి, కనిపించేలా పెట్టుకుని నడపాలి. ఆ పని చేసేటప్పుడు రోడ్డు చూడడానికి ఒకరు, గేజ్ చూడడానికి మరొకరు ఉండాలి.

పెట్రోలు నాణ్యతను కంటితో కూడా చూడవచ్చు. ఫిల్టర్ ముందు పైపు విప్పి, శుభ్రమైన గాజు సీసాలో కాస్త పెట్రోలు పట్టి, పావుగంట కదపకుండా ఉంచండి. తరువాత సీసాను వెలుతురుకు ఎత్తి మెల్లగా వంచితే, నీరు ఉన్నట్టయితే అడుగున పాదరసపు గుండ్రటి బిందువుల్లా దొర్లుతుంది. ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉంటే ఎర్రటి సన్నని మడ్డి పేరుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఎక్కువ రోజులు ట్యాంకులో నిలిస్తే తేమను పీల్చుకుని, ఒక మోతాదు దాటాక నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు విడిపోతాయి. ఇథనాల్‌కు తగని పాత రబ్బరు పైపులు కూడా దానివల్ల మెత్తబడతాయి.

ఆ రబ్బరు పైపుల్ని తక్కువగా అంచనా వేయకండి. పంపుకు ముందు, అంటే పీల్చే వైపు పగిలిన పైపు నుంచి పెట్రోలు కారకపోవచ్చు, కానీ పంపు అక్కడి నుంచి గాలి పీల్చుకుంటుంది. కొన్ని పైపుల్లో లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడి, ప్రవాహం పెరిగినప్పుడు దారిని మూసేస్తుంది. బయటి నుంచి ఎంత చూసినా కనిపించదు, విప్పి కోసి చూస్తేనే బయటపడుతుంది. ట్యాంకు లోపలి జల్లెడ చెత్తతో మూసుకుపోయినప్పుడూ ఇంచుమించు ఇలాగే జరుగుతుంది: కొంతదూరం బాగా నడిచి, చెత్త చేరి ఆగి, నిలబడగానే ఆ చెత్త కిందికి జారి మళ్లీ స్టార్ట్ అవుతుంది. రెండు ట్యాంకులు ఉన్న ట్రక్కు అయితే రెండో ట్యాంకుకు మార్చి నడిపి చూడండి. లోపం పోతే అది మొదటి ట్యాంకులోనో, దాని పంపులోనో, మధ్యనున్న స్విచ్ వాల్వ్‌లోనో ఉంది.

మెకానికల్ పంపు ఉన్న బండ్లలో ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్‌ను వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగి పెట్రోలు ఇంజన్‌లోకి కారుతోంది. ఆ స్థితిలో బండి నడిపితే బేరింగులు పోతాయి.

కార్బురేటర్ విప్పాలా?

పెట్రోలు కార్బురేటర్ దాకా సక్రమంగా వస్తోందనీ, స్పార్క్ బాగుందనీ, గాలి లీకు లేదనీ తేలిన తరువాతే విప్పాలి. ఫ్లోట్ మట్టం తక్కువైతే మలుపుల్లోనూ, ఎత్తుల్లోనూ తడబడుతుంది. నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ గిన్నెలోకి పెట్రోలును ఆపి వదిలే సూది) కింద చెత్త చిక్కితే పెట్రోలు పొంగి, నల్లటి పొగతో ఆగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చోక్ (కార్బురేటర్ నోటి దగ్గర గాలిని తగ్గించే తలుపు) పూర్తిగా మూసుకోవాలి, ఇంజన్ వేడెక్కాక పూర్తిగా తెరుచుకోవాలి. ఈ రెంటినీ కంటితోనే చూడవచ్చు. ఐడిల్ జెట్టును వైరుతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ కార్బురేటర్ ఇక కుదుట పడదు. కార్బురేటర్ క్లీనర్, గాలి ఒత్తిడి చాలు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో స్కానర్ పెడితే సరిపోతుందా?

అమెరికాలో 1996 మోడల్ సంవత్సరం నుంచి కార్లకూ లైట్ ట్రక్కులకూ ఓబీడీ-2 (స్కానర్ తగిలించి లోపాల కోడ్‌లు చదివే ఉమ్మడి ప్రమాణం) తప్పనిసరి అయింది. అంతకు ముందరి చాలా బండ్లలో సంకేతాలు చెక్ ఇంజన్ లైటు మిణుకుల రూపంలో వస్తాయి. కనెక్టర్‌లో రెండు టెర్మినల్స్ కలిపి, మిణుకులు లెక్కపెట్టి, మాన్యువల్‌లోని పట్టికతో పోల్చుకోవాలి. ఏ టెర్మినల్స్ కలపాలో ఆ బండి మాన్యువల్‌లో చూసుకున్నాకే కలపండి.

కోడ్ వచ్చిందంటే ఆ పేరున్న సెన్సర్ చెడిందని కాదు, ఆ సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని మాత్రమే. ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు తక్కువైందని చెబుతుంటే గాలి లీకు వల్ల నిజంగానే తక్కువై ఉండవచ్చు. కోడ్ లేకుండా తడబడే బండిలో నేను ముందు చూసేది థ్రాటిల్ సెన్సర్‌ను. తాళం ఆన్‌లో ఉంచి, మీటర్ పెట్టి, థ్రాటిల్‌ను మెల్లగా తెరుస్తుంటే వోల్టేజి సుమారు 0.5 నుంచి 4.5 దాకా ఎక్కడా తెగకుండా పెరగాలి. మధ్యలో ఒకచోట అంకె గభాలున పడిపోతే, అడుగు ఆ స్థానానికి వచ్చినప్పుడల్లా బండి కుదుపుతుంది. కూలెంట్ సెన్సర్ వేడి ఇంజన్‌ను చల్లగా ఉన్నట్టు చూపిస్తే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోసి ప్లగ్గులకు మసి పట్టిస్తుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఇంజన్ ఆగిపోతుంటే ఐడిల్ కంట్రోల్ వాల్వ్‌నూ, థ్రాటిల్ ప్లేటు అంచునూ పట్టిన మసిని శుభ్రం చేయడంతోనే చాలాసార్లు తగ్గిపోతుంది.

గాలి లీకును ఎలా పట్టుకోవాలి?

ఇంటేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి, పెట్రోలు తీసుకెళ్లే గొట్టాలు) వాక్యూమ్ గేజ్, అంటే లోపలి పీల్పును కొలిచే మీటరు, తగిలించండి. అంత చవకైన పరికరం ఇంకేదీ ఇంత సమాచారం ఇవ్వదని నా నమ్మకం. సముద్రమట్టం దగ్గర, మంచి ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు ముల్లు 17 నుంచి 21 పాదరసపు అంగుళాల మధ్య కదలకుండా నిలుస్తుంది. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక అంగుళం తగ్గించి లెక్కించాలి. ముల్లు కదలకుండా తక్కువలో ఉంటే గాలి లీకో, వెనకబడిన టైమింగో ఉంటుంది. క్రమం తప్పకుండా ఒక్కో దెబ్బ పడుతూ దిగుతుంటే ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. ఇంజన్‌ను 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి ఉంచితే ముల్లు నెమ్మదిగా దిగిపోతూ ఉంటే సైలెన్సర్‌లోనో క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనో దారి పూడుకుపోయింది.

లీకు ఉందని తేలాక బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి పీల్చే పైపు), కార్బురేటర్ కింది గ్యాస్కెట్, ఇంటేక్ మానిఫోల్డ్ అంచులు ఒక్కొక్కటిగా చూడండి. ఒక్కో పైపును క్షణంపాటు నొక్కి మూసినప్పుడు ఇంజన్ నిలకడ మారితే ఆ పైపు వెంట వెళ్లండి. అంటుకునే ద్రావకాలు చల్లి వెతికే పద్ధతి వాడుకలో ఉంది కానీ, వేడి మానిఫోల్డ్ పక్కన దాన్ని నేను సిఫార్సు చేయను. సబ్బు నీరు చల్లినా లీకున్న చోట ఇంజన్ లయ మారుతుంది.

వైరింగ్, బ్యాటరీ వల్ల కూడా ఇంజన్ ఆగిపోతుందా?

ఆగిపోతుంది, పాత ట్రక్కుల్లో తరచుగానే. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు చూపాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్ 0.3 వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ తీగ తుప్పు పట్టినట్టు. ఇంజన్ నడుస్తుండగా తాళంచెవిని మెల్లగా అటూ ఇటూ కదిపినప్పుడు ఇంజన్ దగ్గితే స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయి. బరువైన తాళాల గుత్తి ఏళ్ల తరబడి వేలాడిన బండ్లలో ఇది చూశాను. వైర్ల కట్టలను కూడా ఇలాగే ఒక్కొక్కటిగా కదిపి చూడాలి.

ప్లగ్గులు, కంప్రెషన్ ఏం చెబుతాయి?

ప్లగ్గులన్నీ విప్పి సిలిండర్ వరుసలోనే పేర్చండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి పెట్రోలు ఎక్కువైందని, జిడ్డు ఆయిల్ పైకి వస్తోందని, తెల్లగా కాలిన మొహం పెట్రోలు తక్కువైందని చెబుతాయి. పెట్రోలుతో తడిసిన ప్లగ్ దగ్గర స్పార్క్ లేదు. అన్నీ ఒక రంగులో ఉండి ఒక్కటి వేరుగా ఉంటే ఆ సిలిండర్ కంప్రెషన్ కొలవాలి. అన్ని సిలిండర్లూ కొలిచి, అతి తక్కువ అంకె అతి ఎక్కువ అంకెలో 75 శాతానికి తగ్గకుండా ఉందేమో చూడండి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. తక్కువైన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

డీజిల్ పికప్ అయితే ఏం చూడాలి?

స్పార్క్ లేదు కాబట్టి దాదాపు ప్రతి అనుమానమూ డీజిల్ సరఫరా మీదికే వెళుతుంది. ముందుగా ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదలండి. తరువాత చూడవలసింది ఎయిర్ పట్టడం. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే చోట ఒక పారదర్శకమైన పైపు ముక్క తాత్కాలికంగా బిగించి ఇంజన్ నడిపితే, గాలి ఉన్నట్టయితే బుడగలు వరుసగా పరుగెత్తడం కనిపిస్తుంది. ట్యాంకు వైపు నుంచి ఒక్కో కీలూ చూసుకుంటూ రండి. ఒక్కసారిగా ఆగిపోతే ఇంజెక్షన్ పంపు మీది స్టాప్ సోలెనాయిడ్‌కు (కరెంటు ఉన్నంతసేపే డీజిల్ వదిలే వాల్వ్) కరెంటు తెగుతోందేమో చూడాలి. గట్టి చలిలో డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. నడుస్తున్న ఇంజన్‌లో ఇంజెక్టర్ పైపుల దగ్గర చేయి పెట్టి లీకు వెతకవద్దు, ఆ ఒత్తిడికి సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేముందు సిలిండర్‌ను వేడిచేసేవి) ఉన్న ఇంజన్‌లో ఈథర్ స్ప్రే వాడవద్దు.

మరమ్మతు సరిగ్గా జరిగిందని ఎలా తెలుసుకోవాలి?

మొదట రాసుకున్న కాగితం తీసి, బండి ఏ పరిస్థితిలో ఆగేదో సరిగ్గా అదే పరిస్థితిలో నడపండి. 20 నిమిషాల తరువాత ఎత్తు మీద ఆగేదైతే చల్లని ఇంజన్‌తో ఇంటి చుట్టూ తిప్పి చూడడం వల్ల ఏమీ తేలదు. 40 నిమిషాలు నడిపి, ఎత్తు ఎక్కించి, ఆపి, పది నిమిషాలు వేడిలో నిలబెట్టి, మళ్లీ స్టార్ట్ చేయాలి. మునుపు ఎంత తరచుగా ఆగేదో దానికి కనీసం మూడింతల కాలం ఆగకుండా నడిచే వరకు, తీసేసిన పాత భాగాన్ని పారేయకుండా, విప్పిన తేదీ రాసిన చీటీ కట్టి దాచి ఉంచండి.